ఒంటిగంట వంతు

తాండూరు నుంచి కరణ్‌కోట పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ బండల పాలిషింగ్ యూనిట్‌లో అన్నానికి బెల్లు లేదు. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మిషన్ నడిపే మనిషి స్విచ్ కట్టేసి "ఊటా" అని ఒక కేక వేస్తాడు. సరిహద్దు అవతలి నుంచి రోజూ బండి మీద వచ్చే కన్నడం మనిషి ఆయన. ఏళ్ళ తరబడి ఆ కేక వింటున్న ఆడవాళ్ళకు అన్నమనే ఆ ఒక్క ముక్క కన్నడం చాలు. చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బాలు విప్పి, రేకుల షెడ్డు నీడలో గుంపుగా కూర్చుంటారు.

దేవమ్మ ఆ గుంపులో కూర్చోదు. రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు పది నిమిషాల్లో మింగేసి, నిలువుగా పేర్చిన బండల వరుస వెనక్కి పోయి, గోనెసంచి పరుచుకుని మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఒంటిగంట నుంచి రెండు దాకా ఆమె వంతు. తిండికి పోయిన ఆ పది నిమిషాలు దేవుడు పట్టించుకోడని ఆమె నమ్మకం. అన్నం పెట్టినవాడే అన్నం తింటే కోప్పడతాడా?

వంతు అంటే గొలుసు ప్రార్థనలో వంతు. వాళ్ళ సంఘంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు పొద్దున ఐదు నుంచి రాత్రి ఏడు దాకా గంటకొకరు చొప్పున పంచుకుని, ఎవరు ఎక్కడుంటే అక్కడే ప్రార్థన చేస్తారు. గంట నిండగానే తర్వాతి ఆమెకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఫోను రెండుసార్లు మోగి ఆగిందంటే నాది అయింది, ఇక నువ్వు అందుకో అని. ఎత్తకూడదు, మాట్లాడకూడదు. ఎవరిది ఏ గంటో అట్టముక్క మీద రాసి మందిరం గోడకు తగిలించారు. గొలుసు ఒక్కచోట తెగినా ఆ సందులోంచి శత్రువు దూరుతాడని పాస్టరుగారి భార్య పద్మారాణి వారం వారం గుర్తు చేస్తుంది. సంఘమంతా ఆమెను అమ్మగారనే పిలుస్తుంది.

తెల్లవారుజాము వంతుకు పోటీ ఉంటుంది, దానికో గౌరవం. ఒంటిగంట వంతును ఎవరూ అడగలేదు. పొద్దున ఎనిమిది నుంచి తడి బండలు ఎత్తి ఎత్తి నడుము పడిపోయి ఉంటుంది. కడుపులో రొట్టె పడ్డది, నెత్తి మీద రేకులు కాగుతున్నాయి. ఆ వేళ కళ్ళు మూసుకుంటే దిగి వచ్చేది నిద్రే. దేవమ్మకు యాభై నాలుగేళ్ళు, అందులో ఇరవై రెండేళ్ళు బండల కిందే పోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని "పరలోకమందున్న తండ్రీ" అనేదాకా ఆమెకు గుర్తుంటుంది. ఆ తర్వాత చాలాసార్లు గుర్తుండదు.

ఒకసారి లేచేసరికి రెండూ ఇరవై అయింది. మిషన్ అప్పటికే తిరుగుతోంది. రెండు గంటల వంతు కొండమ్మది. ఆమె ఫోను మీద ఫోను చేస్తోంది. దేవమ్మ ఎత్తి, ప్రార్థనలో పడి వేళ మర్చిపోయానని చెప్పింది. అబద్ధం నోట్లోంచి ఎంత సుళువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. కొండమ్మ పాపం నమ్మింది. నమ్మి ఊరుకుందా, వచ్చే ఆదివారం సంఘమంతా చెప్పింది. ఆనాటి నుంచి దేవమ్మ అంటే ప్రార్థనలో ఒళ్ళు మరిచే మనిషని పేరు పడిపోయింది. కొత్తగా చేరిన ఆడవాళ్ళు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించమని ఆమె దగ్గరికే వస్తారు. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు ఉంటుంది ఆమెకు. ఆ పేరు మోయడం బండలు మోయడం కంటే కష్టమని ఎవరితో చెప్పుకుంటుంది?

ఇంతకీ మూడేళ్ళుగా ఆమె అడుగుతున్నది ఒకటే. ఒక్కగానొక్క బిడ్డ రుచిత తనతో మాట్లాడాలి.

రుచితకు పన్నెండో ఏట బడిలో, పొద్దుటి ప్రేయర్‌లో నిలబడి ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. దేవమ్మ చేసిన మొదటి పని బిడ్డను డాక్టరుకు చూపించడం. రెండో పని నోరు కట్టేయడం, తనదీ బిడ్డదీ. రెండు నెలలకోసారి వికారాబాద్‌లో డాక్టరు దగ్గరికి పోతూ చుట్టాలింటికని చెప్పేవాళ్ళు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచేవాళ్ళు. ఎవరికీ చెప్పకు, తెలిస్తే నీ పెళ్ళి కాదని పదేళ్ళ పాటు బిడ్డ చెవిలో పోసింది దేవమ్మే. పెళ్ళి కుదిరాక రుచిత తనంతట తానే మహేష్‌కు చెప్పేసింది. అతను మంచివాడు. పాల వ్యాన్ నడుపుతాడు. నాకు తెలిస్తే చాలు, మా అమ్మకు గుండె బలహీనం, నోరు మాత్రం బలమైంది, ఆమెకు వద్దులే అన్నాడు. అట్లా ఆ గుట్టు నలుగురి మధ్య ఉండింది. నాలుగో మనిషి రుచిత నాయిన నర్సింహులు. పెద్దేముల్‌కు షేర్ ఆటో నడుపుతాడు. ఎక్కిన వాళ్ళంతా గంటల తరబడి మాట్లాడుతుంటే ఒక్క మాట కూడా కలపని మనిషి.

పెళ్ళయిన ఎనిమిదో నెల, ఒక గురువారం, రుచిత ఏడుస్తూ ఫోను చేసింది. నాలుగేళ్ళు రానిది మళ్ళీ వచ్చిందట. అత్త పొలానికి పోయి ఉండగా వచ్చింది కాబట్టి సరిపోయింది. దేవమ్మకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారితే శుక్రవారం, ఉపవాస ప్రార్థన.

శుక్రవారం ప్రార్థనలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరు లేచి తమ మనవి చెప్పుకోవాలి, అందరూ కలిసి దాని కోసం ప్రార్థించాలి. ఆ రోజు ఒకామె మోకాళ్ళ నొప్పులు చెప్పింది. ఇంకొకామె ఈనని బర్రె గురించి చెప్పింది. దేవమ్మ లేచింది. నిజం చెప్పుకోవాలంటే అందులో ఇంత గొప్ప కూడా ఉండింది. పెద్ద కష్టం చెప్పుకున్న వాళ్ళ వైపు అందరూ తిరిగి చూస్తారు, అమ్మగారు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. బర్రె గురించి అట్లా చెయ్యి వెయ్యరు. దేవమ్మ మొత్తం చెప్పేసింది. పన్నెండో ఏడు, ప్రేయర్ లైను, మాత్రలు, అత్తగారికి తెలియని సంగతి, నిన్నటి ఫోను. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. అమ్మగారు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మూడో వరుసలో శాంతవ్వ అనే ఆమె కూడా ఏడ్చింది. ఆమె మహేష్ తల్లికి సొంత చెల్లెలు. వేరే పని మీద తాండూరు వచ్చి, ప్రార్థన జరుగుతోందని లోపలికి వచ్చి కూర్చుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది అంత దూరం పోనక్కరలేదు, రుచిత అత్తగారి ఊరు పెద్దేముల్ దాకా పోతే చాలు. సాయంత్రం లోపల పోయింది. రోగం దాచి పిల్లను అంటగట్టారని మహేష్ తల్లి వాకిట్లో నిలబడి వాడంతా వినేట్టు అన్నది. రుచితను ఆ ఇంట్లో పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. ఫిట్స్ వచ్చి నిప్పుల్లో పడితే పేరు మాకొస్తుందన్నారు. నెల తిరగకుండా మహేష్ పెళ్ళాన్ని తీసుకుని వికారాబాద్‌లో స్టేషన్ అవతల ఒక అద్దె గదిలోకి మారిపోయాడు.

ఆ రోజు రుచిత తల్లికి ఫోను చేసింది. ఏడవలేదు, అరవలేదు.

"నా రోగం సంగతి దేవునికి ముందే ఎర్క గదమ్మా. ఎర్కలేనిది వాళ్ళకు. మరి ఎవరికి చెప్పినవు నువ్వు?"

దేవమ్మ ప్రార్థన కోసమే గదా బిడ్డా అన్నది. ఫోను పెట్టేసిన చప్పుడు. మళ్ళీ ఆ నంబరు నుంచి ఫోను రాలేదు, తాను చేస్తే ఎత్తలేదు. నర్సింహులు మాత్రం నెలకోసారి పోయి చూసి వస్తాడు. దేవమ్మ కందిపప్పు, కారం, రొట్టెలు కట్టి పంపిస్తుంది. ఆయన తీసుకుపోతాడు, ఖాళీ డబ్బాలు తెస్తాడు. ఏమన్నదని అడిగితే మంచిగున్నదంటాడు. అంతకు మించి ఆయన నోట్లోంచి రాలదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలియని మనిషా దేవమ్మ? తెలుసు. కానీ తాను చించుకున్నది దేవుని సన్నిధిలో కదా, తప్పెట్లా అవుతుందన్నది ఆమె పట్టు. తప్పు శాంతవ్వది, మోసింది కనుక. తప్పు అత్తది, అన్నది కనుక. కొంచెం తప్పు రుచితది కూడా, తల్లి మీద ఇంత పంతం పట్టింది కనుక. అమ్మగారు ఆమెను గొలుసులో చేర్చి, బిడ్డ మనసు కరిగేదాకా విడవకుండా అడగమన్నది. విసిగిస్తే మనుషులే తలుపు తీస్తారు, తండ్రి తియ్యడా అన్నది. ఆనాటి నుంచి దేవమ్మ రోజూ ఒంటిగంటకు తలుపు తడుతూనే ఉంది. దాని మనసు మార్చు ప్రభువా, దాని పంతం విరువు, దాని గుండె మెత్తగ చెయ్యి. మూడేళ్ళు. తట్టి తట్టి చేతులు పడిపోయాయి. ఒక్కోసారి ఆ తలుపు వెనక ఎవరూ లేరేమోనన్న అనుమానం వచ్చేది. ఆ అనుమానం కన్నా నిద్రే నయమనిపించేది.

యూనిట్‌లో దేవమ్మకు జోడీ రుఖియా. బండకు ఒక అంచు దేవమ్మ పడితే రెండో అంచు రుఖియాది. నలభై దాటిన మనిషి, మాట కటువు. ఒంటిగంటకు ఆమె కూడా బండల వెనక్కే వస్తుంది. కడిగిన బండ ఒకటి నేల మీద పరిచి, దాని మీద చున్నీ వేసి, మధ్యాహ్నపు జొహర్ నమాజు చదువుకుంటుంది. పది నిమిషాల్లో ముగించి అన్నానికి కూర్చుంటుంది. దేవమ్మ తల ముందుకు వాలితే నీళ్ళు చిలకరించి లేపేది ఆమే. మా అల్లా పది నిమిషాల్ల వదిలిపెడతడు, మీ దేవుడు గంట కూసోబెట్టి నిన్ను పరేషాన్ చేస్తడు అని నవ్వేది. దేవమ్మ నిద్రపోతుందన్న సంగతి ఈ లోకంలో రుఖియా ఒక్కదానికే తెలుసు. తెలిసినా ఎక్కడా అనలేదు.

మొన్నటి మార్చిలో, ఈస్టరుకు ముందు శ్రమల దినాలు నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం దేవమ్మ లేచేసరికి మొహమంతా తడిగా ఉంది. నీళ్ళనుకుంది. తుడుచుకుంటే కళ్ళు మండాయి. నిద్రలో బిడ్డ పేరు పలికావని రుఖియా చెప్పింది. రోజూ ఇంతగా ఏమడుగుతావని అడిగింది. మూడేళ్ళలో మొదటిసారి దేవమ్మ ఆమెకు అంతా చెప్పింది. రుఖియా అన్నం కలుపుతూ విన్నది. మొత్తం అయ్యాక ముద్ద నోట్లో పెట్టుకోకుండానే అన్నది.

"మూడేండ్ల సంది ఆమె మారాలని అడుగుతున్నవు దేవక్కా. చేసింది నువ్వు. మాఫీ అడిగినవా ఎన్నడన్న? దేవుణ్ని కాదు. బిడ్డను."

దేవమ్మకు ఒళ్ళు మండింది. మీకు మా ప్రార్థన గురించి ఏం తెలుసన్నది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. బండకు రెండంచులు పట్టుకుని మోసే ఇద్దరు మాట్లాడుకోకపోతే బండ ఎంత బరువో ఆ నాలుగు రోజుల్లో ఇద్దరికీ తెలిసింది. ఐదో రోజు ఒంటిగంటకు దేవమ్మ గోనెసంచి మీద కూర్చుని, ఎప్పటిలాగే దాని మనసు మార్చు ప్రభువా అని మొదలుపెట్టింది. మాట ముందుకు పోలేదు. ఎంత ప్రయత్నించినా అక్కడే ఆగింది. నిద్ర కూడా రాలేదు. ఎండకు రేకులు పటపటమనే చప్పుడు వింటూ గంటంతా కళ్ళు తెరిచి కూర్చుంది. మెలకువగా ఉండి ప్రార్థన చెయ్యమని ప్రభువు చెప్పిన మాట ఆమె వందసార్లు విన్నది. అది కనురెప్పల సంగతనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ శుక్రవారం మందిరంలో లేచి నిలబడినప్పుడు తన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉపవాసం వల్ల ఇంకా తేటగా ఉన్నాయి. అంత మెలకువలో ఉండి బిడ్డను తీసుకుపోయి నడిబజారులో కూర్చోబెట్టింది. తప్పు మోపడానికి ఇంకెవరూ మిగలలేదు, తాను తప్ప.  రెండు గంటలకు కొండమ్మకు మిస్డ్ కాల్ ఇచ్చి, మిషన్ తిరగకముందే పోయి రుఖియా పక్కన కూర్చుంది. రుఖియా డబ్బా మూత మీద ఇంత పచ్చడి వేసి ఆమె వైపు జరిపింది.

మర్నాడు మంగళవారం. దేవమ్మ పనికి పోలేదు. నర్సింహులుకు చెప్పకుండా పొద్దుటి ప్యాసింజర్ ఎక్కి వికారాబాద్‌లో దిగింది. గది అడ్రసు డబ్బాల సంచి మీద ఆయన ఎప్పుడో రాసుకున్నది చూసి పెట్టుకుంది. పోయేసరికి తాళం వేసి ఉంది. రుచిత ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తుంది, మధ్యాహ్నం అన్నానికి వస్తుందని పక్కింటావిడ చెప్పింది. దేవమ్మ మెట్టు మీద కూర్చుంది. పదకొండయింది. పన్నెండయింది. ఒంటిగంటకు, తన ముందు వంతు ఆమె మిస్డ్ కాల్ వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో రుచిత కనిపించింది.

ఆ గంట దేవమ్మ ప్రార్థన చెయ్యలేదు. రెండు గంటలకు మిస్డ్ కాల్ కూడా ఇవ్వలేదు. కొండమ్మ నుంచి మూడు ఫోన్లు వచ్చాయి, ఎత్తలేదు.

రుచిత తల్లిని చూసి ఆగింది. తాళం తీసింది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. దేవమ్మ లోపలికి పోయి, కూర్చోకుండా, గోడకు ఆనుకుని నిలబడి అన్నది.

"తప్పు చేసిన బిడ్డా. నీ సంగతి నేనే ఊర్ల పెట్టిన. ప్రార్థన పేరు చెప్పి పెట్టిన. మూడేండ్లు నీదే తప్పనుకుంట కూసున్న. మాఫ్ చెయ్యమని అడిగేటందుకు ఒచ్చిన, ఇంకేం లేదు."

రుచిత కంచంలో అన్నం పెట్టి తల్లి ముందు పెట్టింది, తానూ పెట్టుకుంది. ఇద్దరూ తిన్నారు. తినేటప్పుడు దేవమ్మ చూసింది. బిడ్డ మొహం ఉబ్బింది, కూర్చునే తీరు మారింది. నోటి దాకా వచ్చిన మాటను అన్నంతో పాటు మింగేసింది. అడగనందుకే కావచ్చు, చేతులు కడుక్కున్నాక రుచితే చెప్పింది. ఐదో నెల. డాక్టరు మాత్రలు మార్చాడు, అయినా పోయిన నెల రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండూ నిద్రలోనే వచ్చాయి. మహేష్‌కు తప్ప ఎవరికీ తెలియదు. నాయినకు కూడా చెప్పలేదు.

"నువ్వు ఎవ్వరికన్న చెప్పినవని తెలిసిందనుకో, ఇగ నేను నీ మొహం చూడ."

అంతే అన్నది. బెదిరింపులా అనలేదు, అలసిపోయిన మనిషి తలుపు మూసే ముందు చెప్పినట్టు అన్నది. దేవమ్మ తల ఊపి, సాయంత్రం బండికి తాండూరు వచ్చేసింది.

అక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. మనవడో మనవరాలో వస్తున్న సంగతి, బిడ్డకు ప్రాణగండం ఉన్న సంగతి, రెండూ ఒక్క నోట్లో పెట్టుకుని తిరగడం మాటలు కాదు. నర్సింహులు వికారాబాద్ నుంచి వచ్చి పిల్ల లావెక్కిందని మురిసిపోతూ చెబితే, అవునా అని ఊరుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ తన దగ్గర ఏదీ దాచుకోని ఆడమనిషి ఒక్కసారిగా మూగదైతే మొగుడికి అనుమానం రాదా? ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగాడు. ఆయన రెండుసార్లు అడగడమంటే మామూలు సంగతి కాదు.

మందిరంలో ఇంకా కష్టం. మంగళవారం గొలుసు తెగిన సంగతి కొండమ్మ అమ్మగారికి చెప్పింది. ఎక్కడికి పోయావని అమ్మగారు అడిగితే పనుండె అన్నది దేవమ్మ. ఏం పని అంటే తల దించుకుంది. నిజం చెబితే దాని వెనక ఇంకొకటి అడుగుతారు, దాని వెనక మరొకటి. అమ్మగారు చెడ్డ మనిషి కాదు. మూడేళ్ళుగా రుచిత పేరు పెట్టి ఏడుస్తూ ప్రార్థించిన మనిషి. అందుకే తెలుసుకునే హక్కు ఉందనుకుంటుంది. శుక్రవారం వచ్చిందంటే రుచిత సంగతేమన్నా ఉందా దేవమ్మా అని అందరి ముందూ అడుగుతుంది. దేవమ్మ ఏం లేదమ్మగారు అంటుంది. ఒక శుక్రవారం పక్కనున్న ఆమె బిడ్డ కడుపుతో ఉందని మనవి చెప్పి, అందరూ లేచి ఆ పిల్ల కోసం ప్రార్థిస్తుంటే, దేవమ్మ గుండెలో పెద్ద పెట్టున ఏడుపు వచ్చింది. నా బిడ్డకు కూడా అనే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. పద్నాలుగు మంది ప్రార్థన అంటే చిన్నదా? ఒక్కదాన్ని, అదీ కూర్చుంటే కునికే దాన్ని, నేనొక్కదాన్ని అడిగితే సరిపోతుందా అని భయపడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చింది.

రెండు నెలలు అట్లా గడిచాయి. ఈ మధ్యలో సంఘంలో మాట పుట్టింది. ప్రార్థనలో ఒళ్ళు మరిచే దేవమ్మకు ఏమైంది, మనవి చెప్పదు, సాక్ష్యం చెప్పదు, వంతు ఎగ్గొట్టింది, చల్లబడిపోయిందన్నారు. ఏప్రిల్ చివర అమ్మగారు ఇంటికి వచ్చి, మెల్లగానే చెప్పింది. విశ్వాసం సన్నగిల్లిన వేళ భారం మోయడం మంచిది కాదు, కొన్నాళ్ళు ఒంటిగంట వంతు ఎంకమ్మకు ఇద్దామనుకుంటున్నాం అన్నది. ఆవేళ నర్సింహులు ఇంట్లోనే ఉన్నాడు, విన్నాడు. దేవమ్మ సరే అమ్మగారు అన్నది. ఆమె పోయాక చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. అవమానం చిన్నదేమీ కాదు. గోడ మీది అట్టముక్కలో పేరు కొట్టేసి ఉండడం ఆదివారం అందరూ చూశారు.

వంతు పోయినా ఒంటిగంటకు కాళ్ళు బండల వెనక్కే పోయేవి. ముందు వంతు ఆమె మిస్డ్ కాల్ రాదు, తర్వాత ఇవ్వాల్సిన పని లేదు. రుఖియా నమాజు ముగించి, ఇంకా ఎందుకు కూర్చుంటున్నావని అడిగితే అలవాటైందన్నది. అడిగే మాటలు మాత్రం తగ్గిపోయాయి. దానికి రానియ్యకు ప్రభువా. నా నోరు కాయి. ఈ రెండే. రెండు చెప్పేసరికి మునుపటిలాగే నిద్ర వచ్చేది. దాన్ని ఆమె ఇంకా గెలవలేదు. మే నెల ఎండలో ఆ ఒంటితో గెలుస్తుందని ఎవరూ అనుకోకూడదు.

ఆ మే నెలలోనే ఒక మధ్యాహ్నం, ఆ రెండు మాటలూ అయ్యాక, ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగలేదు. రుచిత పేరు. మూడేళ్ళుగా ఆ పేరు తెర మీదికి రాలేదు. ఏమైందోనన్న కంగారులో దేవమ్మకు పచ్చబటన్ దొరకలేదు. రుఖియా వచ్చి నొక్కి ఇచ్చి, పక్కకు పోయింది.

బిడ్డ బాగానే ఉంది. ఏడో నెల పడింది. కాసేపు మాత్రల గురించి చెప్పింది. తర్వాత నాయిన వచ్చి చెప్పాడంది.

"నీ వంతు తీసేసిన్రట గదా. ఏం అడిగినా చెప్తలేవని."

దేవమ్మ అవునన్నది.

"నాయినకు గూడ నా సంగతి తెల్వదు. నేను చెప్తేనే తెలిసింది."

  మిషన్ దగ్గర ఎవరో పైపుతో బురద కడుగుతున్న చప్పుడు. ఫోను పోయిందేమోనని దేవమ్మ చెవికి ఇంకా గట్టిగా ఒత్తుకుంది. అప్పుడు రుచిత చెప్పింది. మహేష్ రోజూ తెల్లారకముందే, రెండు గంటలకే పాల వ్యాన్ తీసుకుని పోతాడు. ఫిట్స్ వచ్చేది నిద్రలోనే, ఆ వేళప్పుడే. కాన్పు దాకా రాత్రిపూట పక్కన మనిషి ఉండాలని, కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు చెప్పాడు.

"ఒచ్చి నా కాడ ఉంటవా అమ్మా?"

ఉంటానని దేవమ్మ నోరు తెరిచింది. కానీ అంత పెద్ద మాటకు తాను తగనని భయం పుట్టింది. ఎవరితోనూ చెప్పుకోని సంగతి, సంఘమంతా తలకిందులుగా నమ్మిన సంగతి, బిడ్డకు చెప్పింది.

"ఒస్త బిడ్డా. కానీ నాకు నిద్దర ఆగది. మూడేండ్ల సంది ప్రార్థనల కూసొని గూడ పండుకుంటున్న. నీ పక్కల కూసొని పండుకుంటే ఎట్ల?"

 రుచిత గొంతు పన్నెండేళ్ళ పిల్ల గొంతులా ఉంది.

"నిద్దరొస్తే పండుకో అమ్మా. చిన్నప్పటి లెక్క నా చెయ్యి పట్టుకొని పండుకో. చెయ్యి కదిలిందంటే నీకు మెల్కువ ఒస్తుండె గదా."